ఎలుగుబంటి లేని అడవి

అడవిలో ఒక కుటుంబం, చేతిలో తక్కువ డబ్బు. ఇలాంటి సినిమా కథ ఎవరి ముందైనా మొదలుపెట్టి చూడండి, రెండో నిమిషానికే ఒక ప్రశ్న వస్తుంది: "మరి జంతువేది?" పులో, ఎలుగుబంటో. అదీ కుదరకపోతే స్మగ్లర్ల ముఠా, లంచం మరిగిన ఫారెస్టు అధికారి. చెట్ల వెనక నుంచి ఏదో ఒకటి దూకాలి. దూకకపోతే జనం రెండు గంటలు కూర్చోరని భయం.

దూకకపోతేనే కుటుంబం కథ మొదలవుతుందని నేనంటాను. డెబ్రా గ్రానిక్ 2018లో తీసిన 'లీవ్ నో ట్రేస్' చూశాక నాకు గట్టిగా కుదిరిన అభిప్రాయం ఇది. చిన్న సినిమా తీస్తున్నాం, అడవిలో తీస్తున్నాం అని ఎవరు చెప్పినా ముందు దాన్ని చూడమని వాళ్ల ప్రాణం తోడేస్తుంటాను. ఇక్కడా అదే పని. కథంతా, చివరి మలుపుతో సహా చెప్పేస్తాను. తెలిస్తే చెడిపోయే రకం సినిమా కాదు.

ముందు ఎలుగుబంటి సంగతి తేల్చుకుందాం.

1975లో అమెరికాలో 'ది అడ్వెంచర్స్ ఆఫ్ ది విల్డర్‌నెస్ ఫ్యామిలీ' అని ఒక సినిమా వచ్చింది. దర్శకుడు స్టీవార్ట్ రాఫిల్. లాస్ ఏంజెలెస్‌లో భవన నిర్మాణం పనులు చేసుకునే ఒకాయన, భార్య, ఇద్దరు పిల్లలు. పాపకు ఊపిరి జబ్బు, ఊరి నిండా పొగ. విసిగిపోయి అన్నీ వదిలేసి కొండల మధ్య, సరస్సు పక్కన కట్టెల ఇల్లు కట్టుకోవడానికి వెళ్లిపోతారు. చూడ్డానికి హాయిగా ఉంటుంది. మంచి కొండలు, మంచి ఎండ, మచ్చికైన ఎలుగుపిల్లలు. కానీ ఇంట్లో నలుగురి మధ్య ఏదైనా మాట కాస్త ముదిరేలోపే బయట నుంచి గర్జన వినిపిస్తుంది. తోడేళ్లు వస్తాయి, పెద్ద ఎలుగు వస్తుంది, అందరూ ఒకరినొకరు పట్టుకుంటారు, మాట అక్కడే ఆగిపోతుంది. పాప జబ్బు మీద మొదలైన కథ ఎలుగు మీదికి మళ్లుతుంది.

ఎందుకలా అంటే, ఆ సినిమా అమ్ముడుపోయిన తీరు చూడాలి. తీసింది పెద్ద స్టూడియో కాదు. ఒరెగాన్ రాష్ట్రంలో మెడ్‌ఫర్డ్ అనే చిన్న ఊళ్లో ఉన్న కంపెనీ. అలాంటి కంపెనీలు అప్పట్లో 'ఫోర్ వాలింగ్' అనే పద్ధతిలో సినిమాలు వేసేవి. అంటే హాలు యజమానికి వారానికి ఇంత అని అద్దె కట్టేసి, టికెట్ల డబ్బంతా తామే తీసుకోవడం. మన సింగిల్ స్క్రీన్లలో అద్దె పద్ధతి తెలిసినవాళ్లకు ఇదేం కొత్త కాదు. 2025 మేలో మన ఎగ్జిబిటర్లు అద్దెలు మాకొద్దు, వసూళ్లలో పర్సంటేజీ ఇవ్వండి, లేదంటే జూన్ 1 నుంచి హాళ్లు మూసేస్తాం అని కూర్చున్నది కూడా ఈ లెక్క మీదే. అద్దె ముందే కట్టేసినవాడికి ఆ వారంలోనే జనం రావాలి. నెమ్మదిగా మౌత్ టాక్ పాకేదాకా ఆగే ఓపిక ఉండదు. అందుకని ఆ ఊరి టీవీలో ప్రకటనలు ఊదరగొట్టేవాళ్లు. ముప్పై సెకన్ల ప్రకటనలో తండ్రి మనసులో గుబులు పట్టదు. ఎలుగు పళ్లు పడతాయి.

కాబట్టి తక్కువ బడ్జెట్ అయితే చాలు, కథ నిజాయితీగా వచ్చేస్తుందనే మాట నేను ఒప్పుకోను. డబ్బు లేనివాడు కూడా ఎలుగును కొంటాడు, నిజానికి వాడే ముందు కొంటాడు. లేని స్టారుకు బదులు అది.

ఇక గ్రానిక్ సినిమా. ఒరెగాన్‌లోని పోర్ట్‌లాండ్ నగరంలోనే ఫారెస్ట్ పార్క్ ఉంది. పేరుకు పార్కే గానీ దాదాపు 5,200 ఎకరాల అడవి. అందులో ఒక తండ్రి, పన్నెండేళ్ల కూతురు నాలుగేళ్లుగా కాపురం ఉంటున్నారని 2004లో బయటపడింది. తండ్రి వియత్నాం యుద్ధం చేసి వచ్చిన మనిషి. పిల్ల ఆరోగ్యంగా ఉంది, పాత ఎన్‌సైక్లోపీడియాలతో వయసుకు మించి చదువుకుంది. పోలీసులు ఇద్దరినీ విడదీయకుండా ఒక గుర్రాల ఫారంలో చోటు చూపించారు. కొన్నాళ్లకు వాళ్లు అక్కడి నుంచి కూడా చెప్పాపెట్టకుండా వెళ్లిపోయారు. పీటర్ రాక్ దీన్ని ఆధారం చేసుకుని 2009లో ఒక నవల రాశాడు. ఆ నవల నుంచి గ్రానిక్, ఆన్ రోసెలీనీ ఈ సినిమా రాసుకున్నారు.

సినిమాలో తండ్రి పేరు విల్, కూతురు టామ్, పదమూడేళ్లు. బెన్ ఫాస్టర్, థామసిన్ మెకెంజీ. మొదట్లో మాటలు చాలా తక్కువ. పనులు ఉంటాయి. తడిసిన కట్టెను కత్తితో పలుచగా, పొర తెగిపోకుండా చెక్కుతూ పోవడం, ఆ పొరల గుత్తికి నిప్పురవ్వ తగిలించడం. టార్పాలిన్ మీద నిలిచిన వాననీళ్లు పట్టుకోవడం. పుట్టగొడుగులు ఏరుకోవడం. గ్యాసు అయిపోవస్తోంది, వాడొద్దు. ఇదంతా ఏదో విచిత్రం చూపిస్తున్నట్టు ఉండదు. కెమెరా ఆ చేతుల దగ్గరే ఉంటుంది, పొద్దున్నే మన వంటింట్లో నడిచే పనుల్లా నడిచిపోతాయి. అడవి అందాన్ని చూపించే షాట్ కోసం నేను కాసేపు ఎదురుచూశాను కూడా. రాదు. ఫెర్న్ మొక్కలు అంత దట్టంగా, అంత పచ్చగా ఉన్నా సరే, వాళ్లకు అవి దాక్కునే చోటు.

దాక్కోవడం దగ్గర ఒక సీను చెప్పి తీరాలి. విల్ కూతురికి అప్పుడప్పుడూ ఒక కసరత్తు పెడతాడు. హెచ్చరిక ఇవ్వగానే ఆ పిల్ల ఆకుల్లో కలిసిపోవాలి, తండ్రి వెతకాలి. ఒకసారి దొరికిపోతుంది. ఎందుకు దొరికిందో కూడా చెబుతాడు: నీ మేజోళ్లు పట్టించాయి. గొంతులో కోపం ఉండదు, బడిలో లెక్క తప్పు చూపించిన మాస్టారులా చెబుతాడు. ఆ పిల్ల వింటుంది. చూసినప్పుడు సరదా ఆటలానే ఉంటుంది. ఆ తర్వాత ఎప్పుడో తడుతుంది: తప్పు చేసినందుకు కాదు, కనిపించినందుకు ఆ పిల్ల దిద్దుబాటు నేర్చుకుంటోందని. పదమూడేళ్ల పిల్ల మనుషులకు కనిపించకుండా ఉండడం నేర్చుకుంటోంది, నేర్పేది ప్రాణంలా చూసుకునే తండ్రి. దీనికి మించిన ప్రమాదం ఏ పులి తెస్తుంది?

చివరికి అటుగా పరుగు తీస్తున్న ఒకతని కంట్లో పడతారు. కుక్కలతో పోలీసులు వస్తారు. సరే, ఇక మొదలైంది, ప్రభుత్వం విలన్ అన్నమాట, అని మనం సర్దుకుని కూర్చుంటాం. కాదు. సోషల్ వర్కర్ మంచిది. ఆ పిల్ల చదువు చూసి ముచ్చటపడుతుంది. తండ్రిని కంప్యూటర్ ముందు కూర్చోబెట్టి 435 ప్రశ్నలు అడుగుతారు, నిజమా అబద్ధమా చెప్పాలి. మిషన్ గొంతు ఒకదాని వెంట ఒకటి చదివేస్తుంటుంది, ఆయన మొహం మూసుకుపోతుంది. అంత హింస ఉన్న సీను ఆ సినిమాలో ఇంకోటి లేదనిపిస్తుంది నాకు, అయినా అక్కడ ఆయన్ను ఎవరూ ఒక్క మాట అనలేదు. పక్కన నిలబడ్డ ఉద్యోగి మొహమాటపడుతుంటాడు కూడా.

తర్వాత వాళ్లకు క్రిస్మస్ చెట్లు పెంచే తోటలో ఇల్లు, పని దొరుకుతాయి. తోట యజమాని పత్రికలో వార్త చదివి, రండి అన్నవాడు. మంచివాడే. టామ్‌కు పొరుగున ఒక కుర్రాడు దొరుకుతాడు, వాడికో కుందేలు ఉంటుంది. ఆ కుర్రాడిగా వేసిన ఐజయా స్టోన్ గ్రానిక్ 2010 సినిమా 'వింటర్స్ బోన్'లో తమ్ముడి వేషం వేసినవాడే. జెన్నిఫర్ లారెన్స్‌ను అందరికీ చూపించిన సినిమా అది. సుమారు 20 లక్షల డాలర్లతో తీసి నాలుగు ఆస్కార్ నామినేషన్ల దాకా తీసుకెళ్లారు.

ఆ తోటలో ఒక హెలికాప్టర్ వస్తుంది. అమెరికాలో క్రిస్మస్ చెట్లు ఎక్కువగా పండించేది ఒరెగాన్. కోత కాలంలో నరికి కట్టిన మోపులను హెలికాప్టర్లతో ఎత్తి లారీల దగ్గర దించడం అక్కడ మామూలు. విల్ యుద్ధం చేసి వచ్చాడు, రాత్రిళ్లు నిద్ర పట్టదు. ఆ రెక్కల చప్పుడుకు ఆయన ఒంట్లో ఏం జరుగుతుందో ఫాస్టర్ ఒక్క మాట లేకుండా చూపిస్తాడు. ఇంకో దర్శకుడైతే ఇక్కడ ఎడారి, బాంబులు, చచ్చిపోతున్న స్నేహితుడు, ఓ ఐదు నిమిషాల ఫ్లాష్‌బ్యాక్ వేసేవాడు. దానికి బడ్జెట్ కావాలి. గ్రానిక్ ఆ ఊళ్లో రైతులు ఏటా చేసే పనిని చూపించి ఊరుకుంది. చిన్న సినిమా తీసేవాళ్లు చదువుకోవలసిన పాఠం ఏదైనా ఉంటే నా లెక్కలో ఇదే. యుద్ధాన్ని సెట్ వేసి కట్టలేదు, ఊళ్లో ఉన్నదాన్ని గుర్తుపట్టింది.

మా అమ్మతో కలిసి చూశానీ సినిమా. అమ్మది అచ్చంపేట. ఇంగ్లీషు రాదు, నేను పక్కన కూర్చుని మధ్యమధ్యలో చెబుతుంటే చూసింది. తోటలోంచి కూడా తండ్రి పిల్లను లేపుకుని బయల్దేరినప్పుడు అడిగింది: "ఇండ్ల విలన్ ఎవడ్రా?"

ఎవరూ లేరన్నాను.

"ఎవ్వరు లేకుంటె గా పిల్లకు గింత తిప్పలు ఎందుకొచ్చె మరి?"

ఈ సినిమా మీద వచ్చిన సమీక్షలు కొన్ని చదివాను. సమీక్షలను లెక్కగట్టే రాటెన్ టొమాటోస్ సైటులో నూటికి నూరు తెచ్చుకున్న సినిమా, మెచ్చుకోళ్లకు కొదవ లేదు. కానీ మా అమ్మ అడిగినంత సూటిగా ఎవరూ అడిగినట్టు లేదు. తండ్రి చెడ్డవాడు కాదు. తాగడు, కొట్టడు, చదువు చెప్పాడు, కడుపు నింపాడు. తోట యజమాని చెడ్డవాడు కాదు. దారిలో వాళ్లను ఎక్కించుకున్న లారీ డ్రైవర్‌ని చూసి మనం బిగుసుకుపోతాం. అతను ఆ పిల్లను పక్కకు పిలిచి, నీకేం ఇబ్బంది లేదు కదమ్మా అన్నట్టు అడుగుతాడు. అంతా మంచివాళ్లే. తండ్రికి నలుగురిలో ఊపిరాడదు, పిల్లకు ఆడుతుంది. తిప్పలన్నీ అక్కడే ఉన్నాయి. ఒక విలన్ని తెచ్చి పెట్టి ఉంటే ఈ ప్రశ్న అడగవలసిన అవసరమే మా అమ్మకు వచ్చేది కాదు.

తండ్రి గాయపడి, వాళ్లిద్దరూ వాషింగ్టన్ రాష్ట్రపు అడవిలో ఇళ్లలా వాడుకునే ట్రైలర్ బండ్లలో బతికే కొందరి మధ్యకు చేరుతారు. అందులో ఒకామె తేనెటీగలు పెంచుతుంది. టామ్‌కు పెట్టె మూత తీసి చూపిస్తుంది. కొన్నాళ్లకు ఆ పిల్ల చేతి తొడుగులు లేకుండా, ఈగలను చేతి మీద పాకనిచ్చి తండ్రికి చూపిస్తుంది. మెకెంజీ మొహంలో ఆ క్షణాన ఉన్నది గర్వమే గానీ, నాన్నా చూడు, గుంపులో చెయ్యి పెట్టినా కుట్టవు అని బతిమాలుతున్నట్టు కూడా ఉంటుంది. ఆయన చూస్తాడు. సంతోషిస్తాడు. అయినా ఉండలేడు. చివరికి ఆ పిల్లే చెబుతుంది, నీకున్న బాధ నాకు లేదని. అడవి దారిలో ఇద్దరూ విడిపోతారు. ఏడుపులు, పరుగెత్తి వెనక్కి రావడాలు, చావు, ఏమీ ఉండవు.

నాకు ఈ ముగింపు ఎక్కడ తగిలిందంటే, మా నాన్నది బదిలీల ఉద్యోగం. పాత మహబూబ్‌నగర్ జిల్లాలో సామాన్లు దించని ఊళ్లు మాకు తక్కువ. ఆయనకు బదిలీ అంటే హుషారు; కొత్త ఊరు, కొత్త ఆఫీసు, పాత గొడవలు పాత ఊళ్లోనే. కల్వకుర్తిలో ఉండగా మా అక్క పదో తరగతి. బదిలీ కాగితం వచ్చిన రోజు గుమ్మంలో కూర్చుని, మీరు పోండి నాన్నా, నేను రాను అంది. ఏడవలేదు, అలగలేదు. నాన్న కాసేపు అలాగే నిలబడి, సరే అని ఒక్కడే వెళ్లి అక్కడ గది తీసుకున్నాడు. శనివారాలు వచ్చేవాడు. ఆ ఇంట్లో విలన్ ఎవరో చెప్పమంటే నేనూ చెప్పలేను.

ఈ సినిమా మీద ఒక అభ్యంతరం మాత్రం గట్టిదే. మనుషులు ఇంత మంచివాళ్లా? ముఖ్యంగా ప్రభుత్వం? ఇల్లు లేక చెట్ల కింద పడుకునేవాళ్లను అమెరికా అంత సౌమ్యంగా చూస్తుందా? చూడదు. అదే ఒరెగాన్‌లో గ్రాంట్స్ పాస్ అనే ఊరు బహిరంగ స్థలాల్లో పడుకునేవాళ్లకు జరిమానాలు వేసింది, కేసు సుప్రీంకోర్టు దాకా వెళ్లింది. 2024 జూన్ 28న ఆరుగురు జడ్జీలు ఊరి పక్షాన, ముగ్గురు ఎదురుగా తీర్పు ఇచ్చారు: పడుకునే చోటు లేనివాళ్లనైనా సరే, బయట పడుకున్నందుకు శిక్షించవచ్చని. విల్ తెల్లవాడు, ఇంగ్లీషు చక్కగా మాట్లాడతాడు, పుస్తకాలు చదువుతాడు, వెంట శుభ్రంగా ఉన్న చదువుకున్న పిల్ల ఉంది. ఆయనకు దొరికిన మర్యాద అదే అడవి అంచున టెంట్లలో ఉన్న మిగతావాళ్లకు దొరకదు. సినిమాలో వాళ్లూ కనిపిస్తారు. మాజీ సైనికుల ఆసుపత్రిలో ఇచ్చిన మందులను విల్ వాళ్లకే అమ్మి బియ్యం, పప్పుల ఖర్చు వెళ్లదీసుకుంటాడు. తర్వాత బుల్డోజర్లు వచ్చి ఆ టెంట్లను తోసేస్తుంటే పక్కనుంచి చూస్తాం. వాళ్లను పక్కనుంచి మాత్రమే చూపించడం ఈ సినిమా లోపమని నేను అనుకుంటాను. కానీ ఆ లోపం సరిదిద్దడానికి ఒక క్రూరమైన పోలీసును పెట్టి ఉంటే వాళ్లకు న్యాయం జరిగేది కాదు, మనకు తిట్టుకోవడానికి ఒక మొహం దొరికేది.

డబ్బు ఎక్కడ పెట్టారో కూడా చూడండి. షూటింగుకు ముందే ఆ నటులిద్దరికీ అడవిలో బతికే పనులు నేర్పించారు. కట్టె చెక్కే చేతులు నిజంగా చెక్కగలిగితేనే కెమెరా అంత దగ్గరికి వెళ్లగలదు. రాకపోతే కట్ చేసి డ్యూప్ చేతులు చూపించాలి, ఆ కట్‌తో నమ్మకం పోతుంది. ఫాస్టర్, గ్రానిక్ కలిసి స్క్రిప్టులో మాటలు 40 శాతం దాకా కొట్టేశారట. కాగితం మీద మాట కొట్టెయ్యడం ఉచితమే, కానీ కొట్టేశాక ఆ ఖాళీని మొహంతో నింపగల నటులు కావాలి. ట్రైలర్ల దగ్గర రాత్రి మంట చుట్టూ పాడేవాళ్లు మైకెల్ హర్లీ, మారిసా ఆండర్సన్ అనే నిజమైన పాటగాళ్లు. ఇలాంటి ట్రైలర్ బతుకు గ్రానిక్‌కు కొత్త కాదు. 2014లో ఒక మాజీ సైనికుడి మీద 'స్ట్రే డాగ్' అనే డాక్యుమెంటరీ తీస్తూ మిస్సోరిలో అలాంటి చోటే కొంతకాలం గడిపింది. ఇదంతా కలిపినా అమెరికాలో వసూలు సుమారు 60 లక్షల డాలర్లు. పెద్ద హిట్టేం కాదు. అద్దె కట్టి టీవీలో ఊదరగొట్టే రకం సినిమా కాదు కదా, అలాగే ఉంటుంది.

పోలికకు ఇంకో సినిమా ఉంది, 'కెప్టెన్ ఫెంటాస్టిక్', 2016. అందులోనూ తండ్రి పిల్లలను అడవిలో పెంచుతాడు, ఆరుగురు. క్రిస్మస్‌కు బదులు, అమెరికా ప్రభుత్వాన్ని ఎండగట్టే మేధావి నోమ్ చామ్‌స్కీ పుట్టినరోజు చేసుకుంటారు. సరదాగా ఉంటుంది, విగో మోర్టెన్‌సెన్ అదరగొడతాడు. కానీ అక్కడ తండ్రికి ఒక సిద్ధాంతం ఉంది, దాన్ని ఎదిరించే మామగారు ఉన్నాడు, వాదన గెలుపు ఓటములతో నడుస్తుంది. విల్‌కు సిద్ధాంతం లేదు. ఉంటే ఓడించవచ్చు.

ఇక మన దగ్గరికి. మన సినిమాల్లో అడవికి కొదవ లేదు. మారేడుమిల్లిలో ఎన్ని షూటింగులు జరిగాయో అక్కడి టీ కొట్టువాళ్లకే తెలియాలి. కానీ మన తెర మీద అడవి అంటే ఫైటు, పాట, దుంగలు, తుపాకులు. అడవిలో ఇల్లు ఉంటుందని, ఆ ఇంట్లో తండ్రీ కూతుళ్లు దేని గురించో మాట్లాడుకోకుండా ఉండిపోతారని చూపించిన సినిమా నాకు వెంటనే తట్టడం లేదు.

కథ కోసం ఒరెగాన్ పోనక్కర్లేదు. హైదరాబాద్ నుంచి శ్రీశైలం వెళ్లే ప్రతి తెలుగువాడూ మన్ననూరు చెక్‌పోస్టు దాటే ఉంటాడు. రాత్రి తొమ్మిది దాటితే గేటు వేసేస్తారు, పొద్దున ఆరింటికి గానీ తియ్యరు. ఆ గేటు అవతల అమ్రాబాద్ పులుల అభయారణ్యం. అందులో చెంచుల పెంటలు, అంటే వాళ్ల చిన్న చిన్న ఊళ్లు. పులుల కోసం ఊళ్లను బయటికి తరలించడానికి కుటుంబానికి 15 లక్షల రూపాయలు, లేదంటే బయట ఇల్లూ భూమీ అని జాతీయ పులుల సంరక్షణ సంస్థ ప్యాకేజీ ఉంది. కాగితం మీద స్వచ్ఛందమే. అధికారి వచ్చి మర్యాదగా కూర్చుని, బడి దగ్గరవుతుంది, ఆసుపత్రి దగ్గరవుతుంది అని చెబుతాడు. అబద్ధం కూడా కాదు. తండ్రి నేను రాను అంటాడు. ఆశ్రమ పాఠశాలలో ఉండి చదువుకుంటున్న కూతురు సెలవులకు ఇంటికి వచ్చి ఉంది. ఆమె ఏమంటుంది?

విల్‌నూ చెంచు తండ్రినీ ఒకే గాటన కట్టడం లేదు. విల్ తన బాధ మోసుకుని వెళ్లి అడవిలో దూరినవాడు, పైగా అది ఇంకొకరి పార్కు. చెంచులు అక్కడివాళ్లే, దూరినవాళ్లు మిగతా అందరూ. కాబట్టి ఈ కథలో కూతురు బయటికి వస్తానంటే ఆ బరువు వేరు, రానంటే ఆ బరువూ వేరు. కథకుడు ఒక పక్షం తీసుకుని రెండోవాళ్లను విలన్ చేసిన నిమిషాన అది సందేశాత్మక చిత్రమైపోతుంది, కలెక్టర్ గారి చేతుల మీదుగా పోస్టర్ విడుదల జరుగుతుంది.

ఇంకో సంగతి. కొండ అంచున పట్టిన తేనె తియ్యడానికి చెంచులు తాడు కట్టుకుని కిందికి దిగుతారు. పైన తాడు పట్టుకునేవాడు బావమరిది అయితేనే నమ్మకం అంటారు, తన తోబుట్టువు పసుపు కుంకుమలు చేజేతులా తెంచుకోడు కాబట్టి. ఒక తాడు, ఇద్దరు మగవాళ్లు, ఆ ఇద్దరి మధ్య అక్కడ లేని ఒక ఆడమనిషి. ముందు రోజు రాత్రి ప్యాకేజీ తీసుకుందామా వద్దా అని ఆ బావా బావమరుదులు మాట మాట అనుకుని ఉన్నారనుకోండి. తెల్లారి తేనెకు వెళ్లాలి. ఈ సీనుకు గ్రాఫిక్స్ పులి ఎందుకు?

డబ్బు గురించి అడిగేవాళ్లకు ఒక మాట. గ్రానిక్ సినిమా వచ్చిన ఏడాదే, 2018లో, మన దగ్గర 'కేరాఫ్ కంచరపాలెం' వచ్చింది. వెంకటేష్ మహా విశాఖలో ఆ పేటకు వెళ్లి, ఆ పేటవాళ్లనే నటులుగా పెట్టి తీశాడు. ఎవరూ పేరున్నవాళ్లు కాదు, జనం చూశారు. కాబట్టి మన్ననూరులో కుదరదని ఎవరైనా అంటే నేను వినను. చెంచులు మాట్లాడేది తెలుగే, డబ్బింగ్ బాధ కూడా లేదు. నాలుగు నెలలు ముందుగా వెళ్లి అక్కడ ఉండాలి, పని నేర్చుకోవాలి, ఎవరు తెర మీదికి రావడానికి ఇష్టపడతారో నెమ్మదిగా తెలుసుకోవాలి, వాళ్లకు కూలీ సరిగ్గా ఇవ్వాలి. అభయారణ్యం నడిమధ్య, కోర్ ఏరియాలో షూటింగుకు అనుమతి కష్టం, దొరకనూ కూడదు. దాని చుట్టూ ఉండే బఫర్ అంచున ఉన్న ఊళ్లలో తియ్యవచ్చు.

దర్శకుడికి నేను పెట్టే షరతులు తక్కువే. డ్రోన్ షాటు ఒక్కటంటే ఒక్కటే, అదీ ఎడిటింగులో తీసెయ్యడానికి సిద్ధపడి. తండ్రికి ప్రకృతి గురించి ఉపన్యాసం రాయొద్దు. మంచి అధికారిని మంచివాడిగానే ఉంచాలి. ఇక కూతురి వేషానికి హైదరాబాద్ నుంచో ముంబై నుంచో అమ్మాయిని తెచ్చి, మొహానికి నల్లరంగు పూసి, జుట్టు చింపిరి చేసి నిలబెడితే మాత్రం, ఆ సినిమాకు నేనే మొదటి రోజు మొదటి ఆట చూసి వచ్చి ఇక్కడ ఇంతకు రెండింతలు తిడతాను.